మెదడు సిరలు: ఒక పాత ఫైలు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, జనగామ తాలూకా ఆఫీసు ముచ్చట్లు రాద్దామనుకున్నాను. కాని పోయిన నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు మీద నా సంతకం నాకే కొత్తగా కనిపించింది. నడక కూడా మందగించింది. వయసు మీద పడిందిలే అనుకున్నాను. భూపాలపల్లిలో ఉంటున్న మా అబ్బాయి పట్టుబట్టి వరంగల్లు తీసుకువెళ్లి ఎం.ఆర్.ఐ. తీయించాడు. మెదడులోని సన్నని రక్తనాళాల జబ్బు అన్నారు. గుమాస్తా బుద్ధి ఊరుకుంటుందా? ఈ ఫైలు ఎక్కడ మొదలైందో వెతికాను.

1894లో ఆటో బిన్స్‌వాంగర్ అనే వైద్యుడు కొందరు రోగుల మెదడులో తెల్లని భాగం క్షీణించడాన్ని వర్ణించాడు. 1901లో ఫ్రాన్సులో పియెర్ మారీ చిన్నచిన్న గుంతల సంగతి రాశాడు. 1960లలో మిల్లర్ ఫిషర్ వాటికీ రక్తపోటుకూ ఉన్న సంబంధాన్ని వివరించాడు. 1970లలో సి.టి. స్కాను వచ్చాక, బతికున్నవారిలోనే ఈ మార్పులు కనిపించసాగాయి. ఇంతకాలమూ అందరి చూపూ రక్తం తెచ్చే ధమనుల మీదే. తిరిగి తీసుకుపోయే సిరలను పట్టించుకున్నవారు తక్కువ. ఇన్‌వర్డు రిజిస్టరు చూసి అవుట్‌వర్డు మరిచినట్లన్నమాట!

1995లో అమెరికాలో డిక్సన్ మూడీ బృందం, చనిపోయినవారి మెదళ్లను పరీక్షించి, మెదడు లోపలి గదుల పక్కనుండే సిరల గోడల్లో కొల్లాజెన్ పేరుకుపోయి, కొన్నిచోట్ల దారే మూసుకుపోయిందని చూపింది. తెల్లని భాగం బాగా దెబ్బతిన్నవారిలో ఈ మందం ఎక్కువ.

మహబూబాబాదులో పనిచేసే రోజుల్లో వరి మడులు చూసేవాణ్ణి. తూము నీళ్లు బాగానే వస్తాయి, మురుగుకాలువ పూడితే మాత్రం పైరు పచ్చబారి కుళ్లుతుంది. మెదడులోనూ అంతే. తెల్లని భాగంలోని రక్తం సన్నని సిరల గుండా లోపలి గదుల వైపు వచ్చి, గాలెన్ సిరలో కలిసి బయటికి పోవాలి. దారి ఇరుకైతే వెనుక ఒత్తిడి పెరిగి నీరు ఊరుతుందని పరిశోధకుల అనుమానం. అయితే సిర ముందు చెడిందా, మెదడు ముందు చెడిందా అన్నది ఇంకా తేలలేదు. సిరలకంటూ వేరే మందు లేదు.

రక్తపోటు సంగతి వేరు. 2019లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, పై అంకెను 120 లోపు ఉంచాలని వైద్యం చేసినవారిలో తెల్లమచ్చలు తక్కువగా పెరిగాయి. ఎవరికి ఎంత ఉండాలో డాక్టరే చెప్పాలి. నేనైతే తలనొప్పి లేని రోజు మాత్ర మానేసేవాణ్ణి, అలా ఏళ్లు గడిచాయి. ఇప్పుడు మా ఆవిడే పొద్దున్నే చాయతోపాటు మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా కదలదు.