రాని బస్సు ఆచూకీ

మా ఊరి మర్రిచెట్టు కింద బస్సు కొరకు నిలబడిన రోజులలో మాకున్న ఆధారాలు రెండే: దూరాన లేచే దుమ్ము, అవతలి ఊరినుండి సైకిలుపై వచ్చే మనిషి. "బస్సు కాలవ దాటిందాండీ?" అని అడిగి, దానినిబట్టి లెక్క కట్టుకొనేవాళ్ళం. బస్సు ఎన్ని నిమిషాలలో వస్తుందో చెప్పే నేటి యంత్రాంగమంతా ఆ ప్రశ్నకు విస్తరణేనని నాకు తోస్తుంది. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకర్షించిన నగరం అమెరికాలోని సియాటెల్.

అక్కడ కథ ఉపగ్రహాలతో మొదలు కాలేదు. 1990లలో దారిపక్క స్తంభాలకు చిన్న రేడియో ప్రసారిణులు ఉండేవి. బస్సు ఆ స్తంభాన్ని గుర్తుపట్టి, ఆపైన చక్రం తిరిగిన చుట్లను లెక్కించి, తానెంత దూరం వచ్చిందో కేంద్రానికి తెలిపేది. సైకిలు మనిషి స్థానంలో స్తంభం నిలిచిందన్నమాట! అయితే బస్సు ఎక్కడున్నదో తెలిసినంతమాత్రాన ఎప్పుడు వస్తుందో తెలియదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డేనియల్ డెయిలీ బృందం ఇందుకు కాల్మన్ పద్ధతిని ఆశ్రయించింది. అపోలో నౌకల గమనాన్ని లెక్కించినదీ ఆ పద్ధతే. పాత అంచనాను, కొత్తగా అందిన కబురును, దేనిని ఎంత నమ్మవచ్చునో చూసి కలుపుకొంటూ పోవడమే దాని సారం. 2008లో అదే విశ్వవిద్యాలయపు విద్యార్థి బ్రయన్ ఫెర్రిస్ 'వన్‌బస్‌అవే'తో రాకడ వేళలను సామాన్యుని చేతి ఫోనులోకి తెచ్చాడు.

ఆ డిసెంబరులోనే సియాటెల్‌ను మంచు ముంచెత్తింది. బస్సులు నిటారు కొండదారులు విడిచి పక్కదారులు పట్టాయి. దారి మారితే స్తంభాల లెక్క అతకదు. చలిలో నిలబడినవారికి కబురు అత్యవసరమైన వేళనే అది నమ్మరానిదైపోయింది.

జీపీఎస్‌కు ఈ చిక్కు లేదు. పౌర సంకేతంలో అమెరికా ప్రభుత్వం కావాలని కలిపే దోషాన్ని 2000 మే నెలలో తొలగించడంతో, దాదాపు వంద మీటర్ల తప్పు పది ఇరవై మీటర్లకు దిగింది. సియాటెల్ బస్సులూ తరువాత దానికే మారాయి.

ఫెర్రిస్, కారీ వాట్కిన్స్ తదితరులు 2011లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఫోనులో వేళ చూసుకొనేవారు తక్కినవారికంటే సుమారు రెండు నిమిషాలు తక్కువ నిరీక్షించారు. వేళ తెలియనివారికి ఆ నిరీక్షణ ఉన్నదానికంటే దీర్ఘంగానూ తోచింది.

సగటు దోషమెంత అని కొలిచేవారితో నాకొక పేచీ ఉంది. అయిదు నిమిషాలన్న బస్సు ఎనిమిదింటికి వస్తే విసుగు. రెండింటికే వచ్చి పోతే బస్సే లేదు. లెక్కలో రెండూ మూడు నిమిషాల తప్పులే! మా సైకిలు మనుషులు ఈ తేడా ఎరిగినవారు. ఎప్పుడడిగినా, "ఇదిగో, వచ్చేస్తోంది, కదలకండి" అనేవారు.