కొండవీటి కర్పూరం

1323లో ఓరుగల్లు పడిపోయింది. ఆ దిక్కులేని రోజుల్లో, 1325 ప్రాంతంలో, ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో నిలబడి తీరాంధ్రను కూడగట్టాడు. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించిన రాజు ఆయనే. కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి ఎక్కించాడు. చుట్టూ పగవాళ్లున్నప్పుడు కొండను మించిన తోడేముంది? వాననీటిని పట్టే చెరువులు, వాలు వెంట పాకిన ప్రాకారాలు, బురుజులు. బయటివాడు తేలిగ్గా ఎక్కలేని కోట. లోపలివాడి సంగతి అప్పుడెవరూ తలచలేదు.

1386లో కుమారగిరిరెడ్డి గద్దెనెక్కాక ఆ కొండ వసంతోత్సవాలతో ఘుమఘుమలాడింది. ఆయనకు కర్పూర వసంతరాయలని బిరుదు. ఆ కొలువులో నర్తకి లకుమ ఆడేది. రాజు నాట్యశాస్త్రం రాస్తే, బావ కాటయవేముడు కాళిదాసు నాటకాలకు వ్యాఖ్యలు రాసి వాటికి రాజు పేరు పెట్టాడు. ఉత్సవానికి కావలసిన సుగంధాలు అవచి తిప్పయసెట్టి సముద్రాల మీద తెప్పించేవాడు. శ్రీనాథుడు ‘హరవిలాసం’ ఆ సెట్టికే అంకితమిస్తూ సరుకులు ఏ దేశం నుంచి వచ్చేవో చెప్పాడు: పంజారం నుంచి కర్పూరం, సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి గుర్రాలు, చీనా పట్టు. అది చదివినప్పుడల్లా నాకు కొండ దిగువ నల్లరేగడిలో నడుం వంచినవాళ్లే కళ్లలో మెదులుతారు. ఆ కర్పూరం వెల వాళ్ల గాదెల్లోంచి కాక ఎక్కణ్నుంచి వచ్చింది?

1402లో కుమారగిరి ఏలుబడి ముగిసింది. పెదకోమటి వేమారెడ్డి కొండవీడు పట్టాడు. కాటయవేముడు రాజమహేంద్రవరంలో వేరుపడ్డాడు. నిన్నటిదాకా ఒక పంక్తిలో భోంచేసినవాళ్లు రెండు రాజ్యాలై కత్తులు దూశారు. మరోపక్క రాచకొండ వెలమ ప్రభువులతో తీరని పగ. పెదకోమటి సభలో శ్రీనాథుడు విద్యాధికారిగా వెలిగాడు నిజమే, కానీ రాజ్యం లోపల చెద పట్టింది.

1420లో రాచవేమారెడ్డి వచ్చాడు. ఆయన పురిటి సుంకం వేశాడని కైఫీయతులు చెబుతాయి. బిడ్డ పుడితే సర్కారుకు డబ్బు కట్టాలి. మంత్రసాని చేతిలో పెట్టడానికి చేటెడు గింజలు లేని ఇళ్లుంటాయి. అలాంటి ఇంట్లో పసిగుడ్డు తొలి ఏడుపు వినగానే తండ్రి గుండె ఝల్లుమనడం ఎంత ఘోరం! బాలింతకు కారం ముద్ద కలపాల్సిన పూట గడపలో సుంకరి నిలబడటం ఎంత పాపం! సవరం ఎల్లయ్య అనేవాడు ఆ సుంకం కట్టక రాజునే పొడిచి చంపాడంటారు. అది 1424. ఆ కథలో రాజును చంపింది గోడ దూకిన సైన్యం కాదు. నూరేళ్లు బతకమని బిడ్డలను దీవించే నేల మీద, బిడ్డ పుట్టుకకు ఖరీదు కట్టిన ఏలుబడికి ఇంచుమించుగా నూరేళ్లు నిండాయి.

శ్రీనాథుడి గతి తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. కనకాభిషేకం చేయించుకున్న కవి చివరి రోజుల్లో బొడ్డుపల్లె గుత్తకు తీసుకున్నాడని, పంటను కృష్ణమ్మ కొంత, పిట్టలు కొంత పట్టుకుపోతే ఏడువందల టంకాలు కట్టలేక నడివీధిలో ఎండలో శిక్ష అనుభవించాడని ఆయన పేర నిలిచిన చాటువులు చెబుతున్నాయి. పన్ను ఆఖరికి కవి మెడ మీదికీ వచ్చింది.

తర్వాత కొండ చేతులు మారుతూ పోయింది. గజపతులు పట్టారు. 1515లో కృష్ణదేవరాయలు ముట్టడించి, ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుణ్ని అక్కడే బందీగా పట్టాడు. గోల్కొండ వాళ్లు ముర్తజానగరమని పేరు మార్చారు. జనం నోట అది నిలవలేదు.

నిలిచింది చాంతాడు. ఎక్కడ బారెడు వరస కనిపించినా కొండవీటి చాంతాడంత అంటాం. అక్కడి బావులు అంత లోతట. బుడ్డెడు నీళ్లకు అంత తాడు చేదాలి. పైన వసంతాలాడిన వేళల్లోనూ, సుంకరి గడపలో కూర్చున్న వేళల్లోనూ, నెలలు నిండిన ఆడవాళ్లు ఆ తాడు చేదుతూనే ఉండి ఉంటారు.