ఐబు

ఐబు అంటే లోపం, ముఖ్యంగా ఒంట్లోనో వస్తువులోనో ఉండిపోయిన లోపం. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లున్న తెలంగాణ నేల మీద పాతతరం నోట బాగా నలిగిన మాట. దీని మూలం అరబ్బీ. ఫారసీ మీదుగా ఉర్దూలోకి వచ్చి ‘ఐబ్’ అయింది. అరబ్బీలో మాట మొదట గొంతు లోతు నుంచి పలికే ధ్వని దారిలోనే జారిపోయింది. ‘జవాబ్’ ‘జవాబు’ అయినట్టే తెలుగులో చివర ఉకారం చేరింది.

ఈ ఊళ్లు 1948 దాకా హైదరాబాదు రాజ్యంలోవి. అక్కడ పాలనకు ముందు ఫారసీ, 19వ శతాబ్దం చివరి నుంచి ఉర్దూ వాడారు. పహాణీ, జమాబందీ వంటి మాటలు కచ్చేరీ కాగితాలతో వచ్చి అక్కడే స్థిరపడ్డాయి. ఐబు మాత్రం ఇళ్లలోకీ సంతల్లోకీ నడిచింది.

తెలుగులో లోపానికి మాటలు లేకనా? తప్పు, లోటు, వంక, దోషం అన్నీ ఉన్నాయి. అయినా ఐబుకు తన చోటు దొరికింది. ‘తప్పు చేసిండు’ అంటారు. ‘ఐబు చేసిండు’ అనరు. తప్పు చేసేది, ఐబు ఉండేది. ‘ఎద్దుకేం ఐబున్నదని ధర తగ్గిస్తున్నవు?’ అన్న ప్రశ్నలో ఎద్దు మీద నింద లేదు, బేరం ఉంది. ఇస్లామీయ వ్యాపార ధర్మంలోనూ ఇదే మాట కనిపిస్తుంది: కొన్న సరుకులో దాగిన ఐబు బయటపడితే తిరిగిచ్చే హక్కును ‘ఖియార్ అల్ ఐబ్’ అంటారు.

ఇదే అరబ్బీ పదం తుర్కీలో ‘అయిప్’, మలయ్‌లో ‘ఆయిబ్’, స్వాహిలీలో అచ్చం మనలాగే ‘ఐబు’. అక్కడంతా సిగ్గు, పరువు తక్కువ అనే అర్థం వైపు మొగ్గింది. తెలుగులో ఒంటికి అంటుకుంది. ‘మనిషి మంచోడే, కాలు ఐబు’ అన్న వాక్యంలో ‘మంచోడే’ తర్వాత వచ్చే ఆ చిన్న విరామం ఎన్నో పెళ్లి సంబంధాలను ఆపింది. సరుకుకు తగిన మాటను మనిషికి తగిలించడం అన్యాయమే. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. రాతలో ఇప్పుడు దివ్యాంగులు అన్న మాట నడుస్తోంది. ఐబు రాతలో అరుదు. పశువుల బేరంలో, పెద్దవాళ్ల మాటల్లో మిగిలింది.