సగం సగం పేర్లు

మొన్న మా ఆఫీసులో రెండు టీముల్ని కలిపేశారు. పని పంచుకోవడానికి అరగంట పట్టింది, కొత్త టీముకి పేరు పెట్టడానికి మూడు రోజులు పట్టింది :) ఎవరి పేరు ముందుండాలి అన్నదే గొడవ. చివరికి రెండు పేర్లూ సగం సగం కోసి అతికించారు. నాకు వెంటనే టాంజానియా గుర్తొచ్చింది.

అదేదో పాతకాలం నాటి ఆఫ్రికా పేరని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. కాదు. 1964 ఏప్రిల్ 26న టాంగన్యికా, జాంజిబార్ అనే రెండు దేశాలు ఒకటయ్యాయి. మొదట రెండు పేర్లూ పక్కపక్కనే పెట్టుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో 'టాన్', 'జాన్' ముక్కలు తీసుకుని చివర 'ఇయా' తగిలించారు. జాంజిబార్ అంటే సముద్రంలో చిన్న దీవులు, టాంగన్యికా దానికి కొన్ని వందల రెట్లు పెద్దది. అయినా ఇంగ్లీషులో రాస్తే చెరి మూడక్షరాలు!

తమాషా ఏమిటంటే, పాత పేరు నిలబెట్టుకున్నది చిన్నదే. జాంజిబార్‌కి ఈనాటికీ సొంత అధ్యక్షుడు, సొంత చట్టసభ ఉన్నాయి, 2005 నుంచి సొంత జెండా కూడా ఉంది. టాంగన్యికాకి విడిగా ప్రభుత్వమే లేదు. ఆ పేరు ఒక సరస్సుకి మిగిలింది. కలయిక మీద అక్కడ సణుగుళ్ళు లేకపోలేదు, కానీ కాపురం మాత్రం సాగుతోంది.

ఇది చదువుతుంటే మన 1956 గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ బిల్లులో మన కొత్త రాష్ట్రం పేరు మొదట 'ఆంధ్ర-తెలంగాణ'. పార్లమెంటు సంయుక్త కమిటీ దాన్ని 'ఆంధ్రప్రదేశ్' చేసింది. పెద్దమనుషుల ఒప్పందం అప్పుడు చాలా విషయాల్లో రాజీ కుదిరింది గానీ పేరు దగ్గర కుదరలేదు. తెలంగాణ నాయకులు పాత పేరే ఉంచమన్నారు, ఆంధ్ర నాయకులు కొత్తదే కావాలన్నారు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2014 జూన్ 2న రెండయ్యింది.

ఆ అడ్డగీత ఉండుంటే విడిపోయేవాళ్ళం కాదని నేననను. నీళ్ళు, నిధులు, ఉద్యోగాల లెక్కలు పేరుతో తీరేవి కావు. కానీ కలిసిన మొదటి రోజే ఒకరి పేరు బోర్డు మీద లేకపోతే, తర్వాత ప్రతి లెక్కలోనూ అదే గుర్తొస్తుంది.

మా టీము కొత్త పేరు పలకడానికి నోరు తిరగట్లేదు. అయినా ఎవరూ ఫిర్యాదు చెయ్యట్లేదు. మీరేమంటారు?