ట్రిక్లింగ్ ఫిల్టర్‌లో జీవపొరకు ఆక్సిజన్

మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో రాళ్లు గానీ ప్లాస్టిక్ దిమ్మెలు గానీ పేర్చిన పెద్ద తొట్టిని ట్రిక్లింగ్ ఫిల్టర్ అంటారు. పేరుకు ఫిల్టరే గానీ అది దేన్నీ వడగట్టదు. పైనుంచి చిలకరించిన నీరు రాళ్ల మీదుగా పలుచగా జారుతుంటే, రాళ్లను అంటుకుని పెరిగిన జీవపొర, అంటే బయోఫిల్మ్‌లోని బ్యాక్టీరియా అందులోని కల్మషాన్ని తింటుంది. 1890ల్లో ఇంగ్లండ్‌లో ఈ పద్ధతి వాడుకలోకి వచ్చింది.

అసలు చిక్కు ఆక్సిజన్‌తోనే. లీటరు గాలిలో అది సుమారు 270 మిల్లీగ్రాములుంటే, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో కరిగేది 9.1 మిల్లీగ్రాములే. 30 డిగ్రీలకు అది 7.6కు పడిపోతుంది, బ్యాక్టీరియా ఆకలి మాత్రం వేడితోపాటు పెరుగుతుంది. నీటిపొర దాటి జీవపొరలోకి ఇంకిన ఆక్సిజన్ సాధారణంగా 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల లోతులోనే ఖర్చయిపోతుంది. పొర అంతకు మించి మందమెక్కితే రాయిని అంటిన అడుగుభాగానికి ఆక్సిజన్ అందదు. దాంతో పొర పట్టు సడలి పెళ్లలుగా ఊడి, నీటితో పాటు తేర్పు తొట్టిలోకి చేరుతుంది. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకు గ్రాము నైట్రోజన్‌కు 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. నెమ్మదిగా పెరిగే ఆ జీవులు పోటీలో నిలవలేక, కల్మషం చాలావరకు తీరిన అడుగు వరసల్లో చోటు చూసుకుంటాయి.

గాలి రాళ్ల సందుల్లో తనంతట తానే కదలాలంటే బయటి గాలికీ లోపలి నీటికీ వేడిలో తేడా ఉండాలి. నీరు చల్లగా ఉంటే గాలి కిందికి దిగుతుంది, వెచ్చగా ఉంటే పైకెక్కుతుంది. పల్నాట గురజాల, మాచర్లల నడుమ ఉన్న రెంటచింతల మండుటెండలకు పేరుమోసిన ఊరు. అలాంటి చోట ఫిల్టర్‌కు రోహిణి కార్తె మధ్యాహ్నమే గండమనుకుంటాం. కానీ పొడిగాలిలో చిలకరించిన నీరు ఆవిరవుతూ చల్లబడుతుంది కాబట్టి అప్పుడు గాలి బాగానే ఆడుతుంది. భయపడాల్సింది శ్రావణపు ఉక్కపోతకు. ఆవిరయ్యేది తక్కువ, గాలి, నీరు ఇంచుమించు ఒకే వేడికి వస్తే కదలిక ఆగుతుంది. కంపు మొదలయ్యేదీ అప్పుడే.

పల్నాట విరివిగా దొరికే సున్నపురాతి పలకలు ఫిల్టర్‌లో పేర్చడానికి నప్పవు. బల్లపరుపు రాళ్లు ఒకదానిమీదొకటి అతుక్కుని సందులు మూసేస్తాయి. పైగా అమ్మోనియా మార్పిడిలో పుట్టే ఆమ్లం సున్నపురాతిని కరిగిస్తుంది. గట్టి నల్లరాతి కంకరలో ఖాళీ సగం దాకా ఉంటే, ప్లాస్టిక్ దిమ్మెల్లో 95 శాతం దాకా ఉంటుంది. గాలి నిలిచిపోయే వేళలకు మాత్రం అడుగున ఫ్యాన్లు బిగించక తప్పదు.