కోలారు గని చెప్పిన పాఠము

తిరుమల ఘాట్ రోడ్డు ప్రక్కన రెండు కాలముల రాయి ఒకదానిపై నొకటి నిలిచియుండుట మనము చూడవచ్చును. అడుగున గ్రానైటు, పైన క్వార్ట్జైటు. ఆ రెంటి నడుమ సుమారు 80 కోట్ల ఏండ్ల అంతరమున్నదని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. వాడిన అణు ఇంధనములోని ప్లుటోనియము-239 సగమగుటకు పట్టు కాలము 24,000 ఏండ్లు. మనకది యుగము, రాతికి గడియ. అణు వ్యర్థములను గాజుతో కలిపి కరగించి, లోహపాత్రల కెక్కించి, భూగర్భమున దాచవలెనను ఆలోచనకు ఇదియే ఆధారము.

ఆ రాతి ఓర్పును పరీక్షించిన చోటు మనకు దూరము కాదు. చిత్తూరు జిల్లా పడమటి సరిహద్దు చెంతనే కోలారు బంగారు గనులున్నవి. ఆ శిలల పట్టీ కుప్పం ప్రాంతపు చిగురుగుంట, బిసానత్తముల వరకు సాగినది. 1980వ దశకములో భాభా అణు పరిశోధన కేంద్రమువారు అచ్చట పని ఆగిన ఒక భాగమున, సుమారు 1,000 మీటర్ల లోతున, విద్యుత్ హీటర్ల నమర్చి రాతిని వేడిచేసిరి. వ్యర్థముల నుండి వెలువడు వేడికి రాయి ఎంత వ్యాకోచించునో, ఎట్టి ఒత్తిడికి లోనగునో కొలిచిరి. అణు వ్యర్థము నేమాత్రము అచ్చట నుంచలేదు. అయినను 2012లో సుప్రీంకోర్టున కూడంకుళము కేసు నడచుచుండగా కోలారు పేరు వినవచ్చినంతనే ప్రజలు వీధులకెక్కిరి. అట్టి ఉద్దేశము లేదని ప్రభుత్వము ప్రకటింపవలసివచ్చెను.

కొన్ని ఏండ్ల కొలతలతో వేల ఏండ్ల క్షేమమును నిర్ణయించుట ఎట్లు? ప్రకృతియే కొంత సాక్ష్యమిచ్చుచున్నది. ఆఫ్రికాలోని గాబన్ దేశమున, ఓక్లో యురేనియము గనిలో, సుమారు 200 కోట్ల ఏండ్ల క్రిందట అణువిచ్ఛిత్తి తనంతట తానే జరిగినదని 1972లో తెలిసినది. నాడు పుట్టిన ప్లుటోనియము చాలవరకు పుట్టినచోటనే నిలిచి క్షయించినది. సులభముగా కదలు కొన్ని మూలకములు మాత్రము తరలిపోయినవి.

రాయి దాచగలదు, ప్రమాదము నీటివలన, మనుష్యుని వలన. కోలారులో 1880 నుండి త్రవ్విన గనులు 3 కిలోమీటర్లకు పైగా దిగినవి. 2001 ఫిబ్రవరి 28న అవి మూతపడినవి. నీటిని తోడు పంపులు ఆగగా సొరంగములలో నీరు నిండినది. బంగారముపై ఆశ మాత్రము ఇంకిపోలేదు. ఆ పట్టీలో మరల త్రవ్వవలెనను ప్రయత్నములు సాగుచునేయున్నవి.

కావున వ్యర్థములకు తగిన చోటు గట్టి రాయి యున్నదైనంత మాత్రమున చాలదు. అది నీరు చొరనిదై, మునుపెవ్వరును త్రవ్వనిదై, మీదట త్రవ్వుటకు ఆశపడదగిన దేమియు లేనిదై యుండవలెను. మన భాష తెలియని తరములకు హెచ్చరిక పలక పనికిరాకపోవచ్చును. ఆశ లేనిచోట గునపము పడదు.