పులిజూదం నుండి కంప్యూటర్ వ్యూహక్రీడ వరకు: ఎత్తుల నమోదు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలతో సహా రాయలసీమ అరుగులపై ఆడిన పులిజూదంలో పాచికలు లేవు. ఎత్తులు వరుసగా రాసి ఉంచితే ఆ ఆటను తిరిగి నడపవచ్చు. 1991 నాటి ‘సివిలైజేషన్’ వంటి కంప్యూటర్ వ్యూహక్రీడలో యుద్ధఫలితం యాదృచ్ఛిక సంఖ్యను బట్టి తేలుతుంది. నిజానికి ఆ సంఖ్య సైతం లెక్కలో పుట్టినదే. ఎమ్యులేటర్‌లో ఆట స్థితిని భద్రపరచి, ఓడినచోట వెనుకకు మరలి, మీట నొక్కే క్షణాన్ని మారిస్తే అదృష్టమూ మారవచ్చు. ఇటువంటి సాధన సహాయక క్రీడకు 1999లో ‘డూమ్’ ఆటగాళ్ళు పేరు పెట్టారు. అది వ్యూహక్రీడ కాదు, కాల్పుల ఆట. దీనిని మోసమనడం పొరపాటు. ఇది ఆటగాని చేతివేగానికి కాదు, ఆట నియమాలకు సాక్ష్యం. పరిశోధకునికి ముఖ్యం దృశ్యం కాదు, ఏ క్షణాన ఏ మీట నొక్కారో తెలిపే దస్త్రం. నాటి ఆటప్రతి, ఎమ్యులేటర్ భద్రపరచకుంటే ఆ దస్త్రం ఉత్త అంకెల వరుసగా మిగులుతుంది.